అరసున్నా

ఈ కోర్సు మీ వృత్తికి ఎంతవరకు ఉపయోగపడింది?
ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు నొక్కండి,
అంటోంది ఫోను
రాత్రి రెండుంపావుకి.

లేబర్ రూము బయట మూడో మెట్టు మీద కూర్చున్నాను.
సిగ్నల్ ఇక్కడే అందుతుంది, అదీ కిటికీ వైపు జరిగితే.
తెర మీద పడ్డ పోర్టు బొగ్గుపొడిని
కోటు అంచుతో తుడిచాను.
దూరంగా డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
వస్తోంది, చూస్తోంది, పోతోంది,
రౌండ్లకొచ్చిన పెద్ద డాక్టరమ్మలా.

నిజం చెప్పాలంటే
ఆ ఏడో పాఠం నేను సరిగ్గా వినలేదు.
రెండింతల వేగం పెట్టి
చింతపండు పిసుకుతూ విన్నాను.
పాఠం చెప్పే పిల్ల గొంతు చిలకలా కీచుమంది.
మొదటిసారి పరీక్షలో అరవై. రెండోసారి తొంభై.
సర్టిఫికెట్లో నూకరత్నం కాస్తా నూకరతనం అయింది.
గంటలు మాత్రం జమయ్యాయి,
రిజిస్ట్రేషన్‌కి ఇంకో ఐదేళ్లు ఆయుష్షు.

ఒక్కచోట ఆపాను.
పాలు పొంగి ఆపాను, శ్రద్ధతో కాదు.
తిరిగొచ్చేసరికి తెర మీద ఒక చెయ్యి నిలిచిపోయి ఉంది.
బొమ్మ ముఖానికి మాస్కు,
మాస్కు చుట్టూ బొటనవేలూ చూపుడువేలూ.
ఇంగ్లీషు సి అక్షరంలా పట్టాలట.
నాకది అరసున్నాలా కనబడింది.
అమ్మమ్మ ఉత్తరాల్లో ఉండేది,
ఇప్పుడు బడిలో ఎవరూ నేర్పరు.
మిగతా మూడు వేళ్లూ దవడ ఎముక కింద.
అంచుల్లోంచి గాలి పోతే ఛాతీ లేవదు.
పొయ్యి కట్టేసి, ఊరగాయ జాడీ మూతి మీద
ఆ పట్టు పట్టి చూశాను.
మా ఆయన నవ్వాడు.

మొన్న తుపాను రాత్రి
చెంగల్రావుపేట నుంచి మసేనమ్మని ఆటోలో తెచ్చారు.
కరెంటు పోయింది. జనరేటరు దగ్గి దగ్గి లేచింది.
పిల్లాడు పుట్టాడు, వంకాయ రంగులో, ఏడవకుండా.
"ఒలమ్మా, ఏటైపోనాదే" అని తలుపవతల వాళ్లత్త.
తుడిచాను. వీపు రుద్దాను. మెడ కాస్త ఎత్తాను.
సంచి నొక్కాను. ఛాతీ లేవలేదు.
మళ్లీ నొక్కాను.
లేవలేదు.
అప్పుడు చెయ్యి తనంతట తను
అరసున్నా చుట్టింది.

లేచింది ఛాతీ,
ఒడ్డున నిలబడి చూస్తే
ఎవరూ అల అని లెక్కపెట్టనంత.
వాడు ఏడ్చాడు. మేమెవరం ఏడవలేదు, ఇంకా మాయ పడాలి.

అయితే ఐదు నక్షత్రాలే.
వేలు ఐదోదాని మీదికి పోయి ఆగింది.

పద్నాలుగేళ్ల కిందట, ఇదే గదిలో,
కాసులమ్మ కూతురు.
మాకు చూపినట్టే చేశాం.
కాళ్లు పట్టి తలకిందులు చేశాం, అరికాళ్ల మీద కొట్టాం.
తర్వాతే సంచి. నొక్కుతూనే ఉన్నాను,
చెయ్యి మార్చి చెయ్యి, ఎంతసేపో.
"దాని రాత అంతే" అన్నారు పెద్ద సిస్టరు గారు.
నేనూ అన్నాను.
ఇన్నేళ్లూ అది రాతే.
ఏడో పాఠం పద్దెనిమిదో నిమిషంలో
అది మాస్కు అంచున గాలి పోయే సందు అయింది.
అయి ఉండొచ్చు.
కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

పాఠం పని చేసిందా అంటే చేసింది.
ముందుకీ చేసింది, వెనక్కీ చేసింది.
వెనక్కి చేసినదానికి గంటలు కట్టరు.
మీ అభిప్రాయం రాయండి అని కింద చిన్న గడి,
రెండు వందల అక్షరాలు మించకూడదు.
రాసి చెరిపాను. రాసి చెరిపాను.
మీ సమయం ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి.

రేపు గురువారం.
కాసులమ్మ ఎండు నెత్తళ్ల తట్టతో గేటు దగ్గరికొస్తుంది.
నేను బేరమాడను.
"ఈ ఆసుపత్రి మొత్తానికీ
నువ్వొక్కద్దానివే సిస్టరమ్మా నాకాడ బేరవాడవు"
అని నవ్వి
ఇంకో గుప్పెడు ఎక్కువేస్తుంది.